గంట ఎవరి చేతిలో ఉంది?

(రామంతాపూర్‌లో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆయన్ని మనమంతా సార్ అనే పిలిచాం. ఇవాళ కూడా నేను అలాగే పిలుస్తాను. ఉదయం రౌండ్స్‌కు సార్ ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు. అంత సమయపాలన ఉన్న మనిషి పేషెంటు పక్కన స్టూలు లాక్కొని కూర్చున్నాక మాత్రం తొందరపడేవారు కాదు. ఈ రెండు గుణాలు ఒకే మనిషిలో ఎలా కుదిరాయా అని చదువుకునే రోజుల్లో మేము మాట్లాడుకునేవాళ్లం. నిర్వాహకులు ఈ ఏటి అంశం చెప్పగానే నాకు ముందు అదే గుర్తొచ్చింది.

ఆన్‌లైన్ పాఠాల నుంచి మళ్లీ తరగతి గదికి, వార్డుకు తిరిగొచ్చిన వైద్య, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ విద్యార్థులు తమ సమయాన్ని ఎలా సర్దుకున్నారన్నది అంశం. కరోనా వెళ్లిపోయి ఇన్నేళ్లయ్యాక ఇప్పుడెందుకని ఒక మిత్రుడు అడిగారు. 2019 ఆగస్టులో ఎంబీబీఎస్‌లో చేరి, ఎనిమిది నెలలు తిరగకుండానే ఇంటికి వెళ్లిపోయిన బ్యాచ్ ఇప్పుడు హౌస్‌సర్జన్సీ ముగించి డాక్టర్లయింది. మనకు బీపీ చూసేది వాళ్లే, మన మనవలకు టీకాలు వేసేది వాళ్లే. వాళ్లు వదిలి వెళ్లిన అలవాట్లు, వాళ్ల మీద మనం రుద్దిన అలవాట్లు ఇప్పటి జూనియర్ల దాకా వచ్చాయి. అందుకని ఇది పాత సంగతి అనుకోవడానికి లేదు.

ఈ చోటు కూడా అంశానికి తగినదే. రామంతాపూర్‌లో జయసూర్య పొట్టి శ్రీరాములు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఉంది. ఆ పేరులోని జయసూర్య సరోజినీ నాయుడు కుమారుడు, డాక్టరు, మొదటి లోక్‌సభకు మెదక్ నుంచి ఎన్నికైన మనిషి. ఇదే రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం ఉంది. బడులు మూతపడ్డ 2020లో సెప్టెంబరు 1 నుంచి బడిపిల్లలకు టీవీ పాఠాలు ప్రసారమైంది దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలోనే. హబ్సిగూడ దాటి తార్నాక వైపు వెళితే జాతీయ పోషకాహార సంస్థ, ఆర్టీసీ ఆసుపత్రి, ఉస్మానియా క్యాంపస్ వస్తాయి. ఈ నాలుగైదు కిలోమీటర్ల లోపల అద్దె గదుల్లో, హాస్టళ్లలో ఒక గదిలో బీహెచ్‌ఎంఎస్ అబ్బాయి, పక్క గదిలో ఫార్మ్‌డీ అమ్మాయి, కింది అంతస్తులో నర్సింగ్ చదివే అక్కాచెల్లెళ్లు ఉంటారు. చదివే శాస్త్రాలు వేరైనా వాళ్ల దినచర్య దాదాపు ఒకటే.

చదువు ఆగిపోవడం, మళ్లీ మొదలవడం ఈ నేలకు కొత్త కాదు. 1969 తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థులకు ఒక విద్యా సంవత్సరం పోయింది. ఆ తరం వాళ్లలో చాలామంది ఇప్పటికీ తమ డిగ్రీ ఏడాది చెప్పేటప్పుడు ‘ఉద్యమం ఏడాది కలుపుకుంటే’ అంటారు. 2009 తర్వాత మలి ఉద్యమంలోనూ ఈ క్యాంపస్ ఎన్నోసార్లు మూతపడింది, పరీక్షలు వాయిదా పడ్డాయి. 2011 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో బస్సులు కూడా కదల్లేదు. అప్పుడు కూడా పిల్లలు తిరిగొచ్చారు, చదివారు, పాసయ్యారు.

మరి 2021లో తిరిగొచ్చిన పిల్లలకు అంత కష్టమెందుకైంది? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 1969లో పోయిన ఏడాదిని పోయిందనే అందరూ ఒప్పుకున్నారు. విశ్వవిద్యాలయం ఒప్పుకుంది, తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, చదువు ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలైంది. 2020లో పోయిన ఏడాది మాత్రం రిజిస్టర్ల ప్రకారం జరిగింది. పాఠాలు చెప్పినట్టు, పిల్లలు విన్నట్టు, సిలబస్ పూర్తయినట్టు రాసుకున్నాం. తిరిగొచ్చిన విద్యార్థి రోజువారీ టైమ్‌టేబుల్‌లో కొత్త పాఠాలే ఉన్నాయి. వార్డులో చూడాల్సిన పాత పనికి అందులో చోటు లేదు. ఆ పనిని పిల్లలు నిద్రలోంచి, భోజనంలోంచి, ఆదివారాల్లోంచి తీసిన గంటలతో చేశారు. వాళ్లు సమయాన్ని ఎలా సర్దుకున్నారన్న ప్రశ్నకు ఇదే అసలు జవాబు.

ఆ కాలాన్ని ఒకసారి వరసగా చూద్దాం. 2019 బ్యాచ్‌తో దేశంలో ఎంబీబీఎస్ చదువు సామర్థ్యాల ఆధారంగా నడిచే కొత్త పాఠ్యప్రణాళికలోకి మారింది. మొదటి నెల 175 గంటల ఫౌండేషన్ కోర్సు పెట్టారు. సమయపాలన, ఒత్తిడిని తట్టుకోవడం అందులో పాఠాలుగానే ఉన్నాయి. స్థానిక భాష నేర్చుకోవడమూ ఉంది. మొదటి ఏడాదిలోనే పిల్లల్ని రోగుల దగ్గరికి తీసుకెళ్లాలని, రెండో ఏడాది నుంచి రోజుకు మూడు గంటల క్లినికల్ పోస్టింగ్ ఉండాలని రాశారు. చాలా మంచి ఆలోచన. ఆ ఆలోచన కాలు నిలదొక్కుకోకముందే 2020 మార్చి నెల మధ్యలో కాలేజీలు మూసేశారు. మార్చి 2న రాష్ట్రంలో మొదటి కేసు బయటపడింది. కొద్ది వారాలకే గాంధీ ఆసుపత్రి పూర్తిగా కోవిడ్ ఆసుపత్రి అయింది.

గాంధీ సంగతి విడిగా చెప్పాలి. 1954లో పుట్టిన గాంధీ వైద్య కళాశాలకు ఆ ఆసుపత్రే పాఠశాల. అక్కడి మెడిసిన్ వార్డు, సర్జరీ వార్డు, ప్రసూతి వార్డు కోవిడ్ వార్డులైపోతే కాలేజీ తలుపులు తెరిచినా విద్యార్థి వెళ్లి నిలబడే మంచం లేదు. 2020 నవంబరులో మామూలు సేవలు మళ్లీ మొదలయ్యాయి. 2021 ఏప్రిల్‌లో రెండో ఉప్పెన వచ్చి మళ్లీ కోవిడ్‌కే పరిమితమైంది. ఆగస్టులో గాని మామూలు రోగులు తిరిగి రాలేదు. అప్పుడు ప్రాణాలు కాపాడటం ముందు, చదువు వెనక. ఆ నిర్ణయాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. అయితే అక్కడ థర్డ్ ఇయర్ చదువుతున్న పిల్లవాడు హెర్నియాను, కామెర్లను, నెలలు నిండిన గర్భిణిని చూడాల్సిన నెలలు అవి. అవి వాడి తప్పేమీ లేకుండా పోయాయి.

2020 డిసెంబరు 1 కల్లా వైద్య కళాశాలలు తెరవాలని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. తెలంగాణలో విద్యాసంస్థలు 2021 ఫిబ్రవరి 1న తెరుచుకున్నాయి. మార్చి 24 నుంచి మళ్లీ మూతపడ్డాయి, వైద్య కళాశాలలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే ఇంట్లో అన్న ఇంజనీరింగ్ ఆన్‌లైన్‌లో చదువుతుంటే తమ్ముడు తెల్లకోటు వేసుకొని బస్సెక్కాలి. ఆ బస్సులూ ఒక్కసారిగా రాలేదు. మెట్రో 2020 సెప్టెంబరు 7న, సిటీ బస్సులు అదే నెల 25న మొదలయ్యాయి గాని పేద విద్యార్థి ప్రయాణించే ఎంఎంటీఎస్ రైలు 2021 జూన్ 23 దాకా కదల్లేదు. జామియా ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ల మీద ఆధారపడ్డ పిల్లలకు అన్ని నెలల పాటు రోజుకు ఇంత అని డబ్బూ పోయింది, సమయమూ పోయింది. సమయపాలన గురించి రాసేవాళ్లు ఈ ఖర్చును ఎక్కడా లెక్కపెట్టరు.

2021 మే 3న కేంద్రం నుంచి మరో నిర్ణయం వచ్చింది. ఎంబీబీఎస్ చివరి ఏడాది విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో టెలి కన్సల్టేషన్ చేయవచ్చు, తేలికపాటి కేసుల్ని కనిపెట్టి ఉండవచ్చు. బీఎస్సీ, జీఎన్ఎం నర్సుల్ని సీనియర్ల కింద పూర్తికాలం కోవిడ్ సేవకు వాడుకోవచ్చు. నీట్ పీజీ కనీసం నాలుగు నెలలు వాయిదా. ఏప్రిల్ 18న జరగాల్సిన ఆ పరీక్ష చివరికి సెప్టెంబరు 11న జరిగింది. ఇరవై రెండేళ్ల మనిషి పరీక్ష ఎప్పుడో తెలియకుండా, పగలు పీపీఈ కిట్టులో చెమటలు కక్కి, రాత్రి ఎంసీక్యూలు చేస్తూ అన్ని నెలలు గడిపాడు. అలాంటి మనిషికి ఏ టైమ్‌టేబుల్ గీసి ఇస్తాం?

ఇక విద్యార్థి లోపల జరిగిన మార్పు దగ్గరికి వస్తాను. నేను తరగతి గదిలో చూసింది ఇదే.

ఫోనులో పాఠం విన్న పిల్లలకు గంట మీద ఒక రకమైన అధికారం వచ్చింది. నచ్చకపోతే ఆపవచ్చు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పవచ్చు. రికార్డు చేసిన పాఠాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటే గంట పాఠం నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఇందులో మంచి ఉంది. నెమ్మదిగా అర్థం చేసుకునే పిల్లలు, ఇంగ్లీషు మాటలు వెంటనే అందని ప్రభుత్వ బడి పిల్లలు ఈ వీడియోల వల్ల బాగుపడ్డారు. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే ఆసుపత్రిలో గంట విద్యార్థి చేతిలో ఉండదు, రోగి చేతిలో ఉంటుంది. రోగి చెప్పేది ఒకటిన్నర రెట్ల వేగంతో వినడానికి కుదరదు. ప్రసవం రెండింటికి కావచ్చు, తెల్లవారుజామున నాలుగింటికి కావచ్చు. తిరిగొచ్చిన పిల్లలు మళ్లీ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇది, అన్నిటికన్నా కష్టమైన పాఠమూ ఇదే.

ఒక ఉదాహరణ చెబుతాను. కాలేజీలు తెరిచిన తరువాత ఒక కార్తీక మాసంలో ఒక బోధనాసుపత్రి మెడిసిన్ వార్డులో చూశాను. థర్డ్ ఇయర్ అబ్బాయి కేసు తీసుకుంటున్నాడు. మంచి విద్యార్థి, వీడియోల్లో హిస్టరీ టేకింగ్ అంతా కంఠతా పట్టాడు. మంచం మీద భువనగిరి వైపు నుంచి వచ్చిన కూలి మనిషి, యాభై దాటిన తల్లి. కాగితం మీద వరసగా గళ్లు గీసుకొని వాడు అడుగుతున్నాడు. “దగ్గు ఎన్ని రోజుల నుంచి అమ్మా?” ఆమె, “బోనాలప్పటి సంది బిడ్డా” అంది. వాడు పెన్ను ఆపి, “అదే, ఎన్ని రోజులు?” అన్నాడు. “శాన రోజులైతుంది. బతుకమ్మ నాటికి బువ్వ గూడ ఎక్కుతలేదు.” వాడు మూడోసారి అదే అడిగాడు. ఆమె మొహం తిప్పుకుంది. పక్క మంచానికి సెలైన్ మారుస్తున్న సిస్టర్ వెనక్కి తిరిగి, “బోనాలంటే ఆషాఢం కదా బాబూ, ఇప్పుడు కార్తీకం. లెక్కేసుకో” అంది. నాలుగు నెలలు! రెండు వారాలు దాటి దగ్గు ఉంటేనే క్షయ అనుమానించి కళ్లె పరీక్ష చేయించాలని జాతీయ కార్యక్రమం చెబుతుంది. వాడి కాగితం మీద ఆ గడి అప్పటికీ ఖాళీగానే ఉంది.

ఆ తల్లి చెప్పాల్సింది మొదటి మాటలోనే చెప్పింది. పండుగలతో కాలం కొలిచే మనిషి ఆమె. వాడు సెకన్లతో కొలిచే తెర ముందు నుంచి లేచి వచ్చాడు. ఆమె కొలత అందుకోవడానికి వాడికి పది నిమిషాలు అదనంగా కావాలి. ఆ పది నిమిషాలు ఇచ్చే పోస్టింగ్ ఉంటే వాడు మర్నాటికే నేర్చుకుంటాడు. పన్నెండుకు ఓపీ మూసేస్తారు, ఒంటిగంటకు అటెండెన్స్, రెండింటికి థియరీ, సాయంత్రానికి లాగ్‌బుక్ మీద సంతకం కావాలంటే వాడు నేర్చుకునేది గడి నింపడమే. హోమియో విద్యార్థులకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. వాళ్ల కేస్ టేకింగ్‌లో బాధ ఏ వేళకు ఎక్కువవుతుంది, పొద్దునా, సాయంత్రమా, అర్ధరాత్రి దాటాకా అని ప్రత్యేకంగా రాసుకుంటారు. వైద్య విధానాల మధ్య వాదాలు ఎన్ని ఉన్నా, రోగి చెప్పే కాలాన్ని ఓపికగా రాసుకోవడం మనందరం నేర్చుకోవాల్సిన పని.

వంద ఏళ్లకు ముందే జాన్స్ హాప్‌కిన్స్‌లో డాక్టర్ విలియం ఆస్లర్ విద్యార్థుల్ని ఉపన్యాస గది నుంచి మంచం పక్కకు తీసుకొచ్చాడు. అదే ఆస్లర్ 1913లో యేల్ విద్యార్థులకు ప్రసంగిస్తూ ఏ రోజు పని ఆ రోజుకే పరిమితం చేసుకోమని సలహా ఇచ్చాడు. మంచి సలహానే, పాత పని బకాయి లేనివాళ్లకు. 2021లో తిరిగొచ్చిన విద్యార్థికి ఏ రోజు పని ఆ రోజు చేసుకుంటే నిన్నటి పని ఎవరు చేయాలి?

కాబట్టి లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఆరు రోజులు కాలేజీ, అది 42. ఉప్పల్, అంబర్‌పేట దారుల్లో ఇరుక్కుంటూ రానూపోనూ రోజుకు గంటన్నర, అది 9. ఏడేసి గంటల నిద్ర 49. తినడం, స్నానం, బట్టలు ఉతుక్కోవడం, అమ్మతో ఫోన్ మాట్లాడటం కలిపి రోజుకు మూడు గంటలనుకుంటే 21. మిగిలింది 47. రోజుకు ఏడు గంటలు కూడా లేవు. రికార్డులు, లాగ్‌బుక్, ఆదివారం డ్యూటీ, జ్వరం వచ్చిన రోజు, ఊళ్లో పెళ్లి, అన్నీ అందులోంచే పోవాలి. గదిలో గోడ మీద ‘రోజుకు ఎనిమిది గంటల చదువు’ అని రాసుకున్న పిల్లలు లెక్కలోనే ఓడిపోతున్నారు. రెండో వారానికి ఆ కాగితం చూసి తమనే తిట్టుకుంటారు.

మనిషి తన పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేస్తాడని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానమన్, ట్వెర్‌స్కీ 1979లో చెప్పారు. 1994లో కెనడా పరిశోధకులు థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎప్పటికి పూర్తి చేస్తారో చెప్పమన్నారు. సగటున 34 రోజులన్నారు, సగటున 55 రోజులు పట్టింది. కాబట్టి మీరు పది గంటలనుకున్న బ్యాక్‌లాగ్‌కు పదహారు గంటలు కేటాయించుకోండి. ఇది బద్ధకానికి ఇచ్చే సాకు కాదు, పరీక్షించి చూసిన కొలత.

ఈ 47 గంటల్లో ఏం చేయాలన్న దాని మీద విద్యార్థులతో రెండు మాటలు చెబుతాను. మిగతావి మీకే తెలుసు.

మొదటి మాట నిద్ర గురించి. తిరిగొచ్చిన బ్యాచ్‌ల్లో నేను చూసిన పెద్ద నష్టం ఇదే. ఇంట్లో ఉన్న ఏడాది రాత్రి రెండింటికి పడుకొని పదింటికి లేవడం అలవాటైంది. పోస్టింగ్ మొదలయ్యాక లేవడం ఆరింటికి మారింది, పడుకోవడం మాత్రం రెండింటి దగ్గరే ఉండిపోయింది. నాలుగు గంటల నిద్రతో వార్డులో నిలబడ్డ మనిషికి చూసింది గుర్తుండదు. గుర్తుండలేదని రాత్రి మళ్లీ చదువుతాడు. ఆ చదివింది కూడా నిలవదు. ముందు లేచే వేళ కదపకుండా ఉంచండి, ఆదివారం కూడా. పడుకునే వేళ పది, పదిహేను రోజుల్లో దానంతట అదే వెనక్కి జరుగుతుంది.

రెండో మాట, ఉదయం చూసిన కేసునే సాయంత్రం చదవండి. గదికి వెళ్లగానే పుస్తకం తెరవకుండా, చూసిన రోగి గురించి గుర్తున్నదంతా ఒక పేజీలో రాసి, ఆ తరువాత పుస్తకంతో సరిచూసుకోండి. మూడు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి మళ్లీ రాయండి. మర్చిపోవడం ఎలా జరుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు. పదే పదే చదవడం కన్నా తనను తాను పరీక్షించుకుంటే ఎక్కువ కాలం గుర్తుంటుందని 2006లో పరిశోధకులు రోడిగర్, కార్పికీ నిరూపించారు. పేజీ రాయడానికి ఇరవై నిమిషాలు చాలు. బోనాలప్పటి సంది దగ్గుతున్న ఆ తల్లిని చూసిన రోజు సాయంత్రం క్షయ పాఠం చదివిన విద్యార్థి దాన్ని ఫైనల్ ఇయర్‌లో కొత్తగా చదవక్కర్లేదు. పోయిన గంటలు తిరిగి సంపాదించుకోవడానికి నాకు తెలిసిన దారి ఇదొక్కటే. పాత వీడియోలు వేగంగా చూసి సంపాదించినవాళ్లను నేను చూడలేదు.

ఇంతవరకు విద్యార్థుల వంతు. ఇక మన వంతు. ఇక్కడ అధ్యాపకులు, ప్రిన్సిపాళ్లు చాలామంది ఉన్నారు కనుక కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

కాలేజీలు తెరిచాక మనం పిల్లలకు సమయపాలన మీద వర్క్‌షాపులు పెట్టాం. అదే వారంలో మూడు సబ్జెక్టులకు ఇంటర్నల్స్ పెట్టాం. రేపటి పోస్టింగ్ ఏ యూనిట్‌లోనో రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో చెప్పాం. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు నిబంధన ఉంది కనుక వేలిముద్ర కోసం పిల్లవాణ్ని కేసు మధ్యలోంచి లేపి పంపాం. పుస్తకంలో ఉన్న బొమ్మల్ని రికార్డులో మళ్లీ దించమన్నాం. ఆలస్యంగా మొదలైన బ్యాచ్‌లకు మొదటి ఏడాదిని కుదించాం గాని సిలబస్‌ను ఆ మేరకు కుదించలేదు. 2021 బ్యాచ్ తరగతులు మొదలైందే 2022 ఫిబ్రవరిలో. వాళ్లకు దసరా సెలవులు కూడా మిగల్లేదని తల్లిదండ్రులు నాతో అన్నారు. తరువాత 2019 బ్యాచ్‌కు ఎంబీబీఎస్ చివర జాతీయ స్థాయిలో ‘నెక్స్ట్’ పరీక్ష ఉంటుందని ప్రకటించి, 2023 జూలైలో వాయిదా వేశారు. ఏ పరీక్ష రాయాలో తెలియని విద్యార్థి దేనికి టైమ్‌టేబుల్ వేసుకోవాలి?

నర్సింగ్ విద్యార్థుల కథ ఇంకా బరువైంది. వాళ్ల క్లినికల్ గంటలు వార్డు అవసరానికి తగ్గట్టు సాగుతాయి. వార్డులో సిస్టర్లు తక్కువైతే విద్యార్థినులే చేతులు వేయాలి. మధ్యాహ్నం షిఫ్టు ముగించి రాత్రి తొమ్మిదికి హాస్టల్ చేరిన అమ్మాయి పొద్దున్నే కేర్ ప్లాన్ రాసి చూపించాలి. తిరిగొచ్చిన తొలి ఏడాది హాస్టళ్లలో గదికి ఇద్దరు ముగ్గురే ఉండాలన్న జాగ్రత్తల వల్ల చాలామంది బయట ఉండాల్సి వచ్చింది. ఆడపిల్లలకు చీకటి పడ్డాక ప్రయాణం అంటే గంటలతో పాటు భయం కూడా లెక్కలోకి వస్తుంది.

పని గంటల మీద మనకు నియమాలు లేవా అంటే ఉన్నాయి. 1992లో కేంద్రం రెసిడెంట్ డాక్టర్లకు ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదని చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన మానసిక ఆరోగ్య కార్యదళం వారానికి 74 గంటలు మించకూడదని, ఒక రోజు సెలవు ఉండాలని, ఏడెనిమిది గంటల నిద్ర కావాలని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్లలో మన ఆశయం 48 నుంచి 74కు జారింది. అదే కార్యదళం సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు ఏదో ఒక మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పుకున్నారు. ఇంత జరుగుతున్నా ‘మా రోజుల్లో ముప్పై ఆరు గంటలు నిలబడ్డాం’ అని గొప్పగా చెప్పుకునే పెద్దలు ఉన్నారు. అది గొప్ప కాదు. అలసిన డాక్టరు చేతిలో రోగికి జరిగిన హానిని మన రోజుల్లో ఎవరూ రాసిపెట్టలేదు, అంతే.

సార్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. మేము మొదటిసారి ఆయన యూనిట్‌లోకి వెళ్లినప్పుడు మూడు నెలల టైమ్‌టేబుల్ తలుపు మీద అతికించి ఉంది. ఏ రోజు ఎవరు ఏ మంచం దగ్గర ఉండాలో, ఏ సాయంత్రం ఎవరికి సెలవో అందులోనే ఉంది. దాన్ని ఆయన తన సౌకర్యం కోసం ఒక్కసారీ మార్చలేదు. రౌండ్స్‌లో తొలి ఐదు నిమిషాలు పెన్నులు జేబులో పెట్టమనేవారు. పేషెంటు చెప్పింది పూర్తయ్యాకే రాసుకోవాలి. ఇందాక చెప్పిన రెండు గుణాలు ఎలా కుదిరాయో ఆ తలుపు చూస్తే తెలిసేది. తన గంటలనూ మా గంటలనూ ముందే ఖాయం చేశారు కనుక రోగి పక్కన కూర్చున్నప్పుడు ఆయనకు తొందర ఉండేది కాదు. అంత పొందిక మాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఆయన యూనిట్‌లో దొరికింది.

నేనిచ్చే సలహాలన్నీ ఆ తలుపు మీద చూసినవే. పోస్టింగుల పట్టీ కనీసం నెల ముందు పిల్లల చేతికి ఇవ్వండి. ఒకే వారంలో రెండు ఇంటర్నల్స్ మించకుండా విభాగాలు కూర్చొని మాట్లాడుకోండి. పాఠాల రికార్డింగులు ఉంచండి, ఆ ఆదా అయిన థియరీ గంటల్ని మంచం పక్కకు మార్చండి. కోవిడ్ కాలంలో వార్డు చూడని బ్యాచ్‌లు పీజీలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వెళ్లాయి. వాళ్లు ఏమి చూడలేదో వాళ్లనే అడిగి, చూపించే బాధ్యత తీసుకోండి. అడిగితే చిన్నబుచ్చకండి. సిజేరియన్ దగ్గర ఒక్కసారైనా నిలబడని పీహెచ్‌సీ డాక్టరు ఆ మాట పైకి చెప్పగలిగే వాతావరణం ఉంటే ఒక తల్లి ప్రాణం దక్కవచ్చు.

రేపో మాపో మళ్లీ ఏదో ఒక కారణంతో కాలేజీలు మూతపడతాయి. వరదో, మరో వైరసో, సమ్మో. 1908లో మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రే కొట్టుకుపోయింది. అప్పుడు కూడా ఈ ఊళ్లో వైద్య విద్య ఆగిపోలేదు. ఈసారి మాత్రం జరగని పోస్టింగ్‌ను జరిగినట్టు రిజిస్టరులో రాయకండి. పోయిన గంటల్ని పోయాయని ఒప్పుకొని, ఆ గంటలు తిరిగి ఇచ్చాకే పరీక్ష పెట్టండి. ఈ సభలో ఉన్న ప్రిన్సిపాళ్లను, విశ్వవిద్యాలయ పెద్దలను సార్ పేరు మీద నేను అడుగుతున్నది ఇదొక్కటే.

 రాత్రి డ్యూటీ ఉన్న పిల్లలు ప్రశ్నల కోసం ఆగకండి, భోజనం చేసి బయలుదేరండి.